సేవ పేరుతో పిల్లల్ని విదేశాలకు పంపాలా?

ఎంవీపీ కాలనీ నాన్న:
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. వేసవిలో రెండు వారాలు కంబోడియా తీసుకెళ్లి, అక్కడి అనాథాశ్రమంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పిస్తామని ఒక ఏజెన్సీ అంటోంది. టికెట్లు కాక లక్షా ఎనభై వేలు. సర్టిఫికెట్ ఇస్తారట, అమెరికాలో సీటుకు పనికొస్తుందట. పిల్ల ఎగిరి గంతేస్తోంది, మా ఆవిడ వద్దంటోంది. నాకు ఏదీ తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గాజువాక అమ్మ:
పంపండి అండీ. మావాడు టెన్త్ అయ్యాక నేపాల్ వెళ్లాడు. కొండ మీద ఊళ్లో బడికి ప్రహరీ గోడ కట్టారు. ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయనివాడు, వచ్చాక తన బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు. అక్కడి ఆడవాళ్లు నీళ్లు ఎంత దూరం మోస్తారో కళ్లారా చూశాడు మరి. ఏ కోచింగ్ సెంటర్లో వస్తుంది ఆ బుద్ధి?

వెళ్లొచ్చిన అమ్మాయి:
అంకుల్, పదహారేళ్లప్పుడు నేనూ ఇలాగే కంబోడియా వెళ్లాను. సియెం రీప్ దగ్గర ఆశ్రమం. మొదటి రోజే నాలుగేళ్ల బాబు ఒకడు వచ్చి ఒళ్లో కూర్చున్నాడు. నా పేరైనా అడగలేదు. నా చున్నీ కొస వేలికి చుట్టుకుని నిద్రపోయేవాడు. నేనంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను. ఏబీసీడీ పాట నేర్పుదామంటే పిల్లలందరికీ ముందే వచ్చు. వచ్చిన ప్రతి బ్యాచూ మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టేది.

చివరి రోజు బ్యాగు సర్దుతుంటే వాడు ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని "టుమారో హూ?" అన్నాడు. రేపు ఎవరొస్తారు అని.

కంబోడియా ఆశ్రమాల్లోని పిల్లల్లో నూటికి 70 మందికి పైగా తల్లో తండ్రో ఉన్నవాళ్లేనని ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ చెబుతున్న సంగతి తర్వాత తెలిసింది. చదువు చెప్పిస్తామంటే పేదవాళ్లు నమ్మి పంపుతారు. మనలాంటివాళ్లు కట్టే డబ్బు వస్తూ ఉండాలంటే ఆ పిల్లలు ఇంటికి వెళ్లకూడదు. ఇలా పిల్లల్ని ఆశ్రమాలకు చేర్చి సొమ్ము చేసుకోవడాన్ని ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు బానిసత్వం కోవలోనే చూసింది.

మన విశాఖలో మత్స్యకారులుండే పెద జాలరిపేట బడికి రెండు వారాలకోసారి పదహారేళ్ల విదేశీ పిల్లలు వచ్చి, తెలుగు ముక్క రాకుండా పాఠాలు చెబుతామంటే మనం ఒప్పుకుంటామా? ఎత్తుకుని ఫొటోలు దిగుతామంటే ఆ తల్లులు ఊరుకుంటారా?

ఆంటీ, మీ అబ్బాయి మారినందుకు నాకూ సంతోషమే. కానీ ఆ గోడ అక్కడి మేస్త్రీ కడితే ఆయనకు నాలుగు రోజులు కూలి దొరికేది.

గాజువాక అమ్మ:
మేస్త్రీ సంగతి నాకు తట్టలేదమ్మా, నిజమే. అలాగని పిల్లలు లోకం చూడొద్దా?

రిటైర్డ్ లెక్చరర్:
చూడాలి. టూరుగానే తీసుకెళ్లండి, అంగ్‌కోర్ వాట్ చూపించండి, దానికి సేవ అని పేరు పెట్టకండి. సీటు కోసమైతే మరో మాట. హార్వర్డ్ విద్యా విభాగం 2016లో ఇచ్చిన నివేదిక దూరదేశాల్లో చేసే సేవకు ఎక్కువ విలువ ఇవ్వక్కర్లేదంది. ఇంట్లో తమ్ముణ్ని, చెల్లెల్ని చూసుకోవడం, సంపాదించి ఇంటికి ఆసరా కావడం కూడా లెక్కలోకి రావాలంది.

నేను కాలేజీలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) చూసినవాణ్ని. రెండేళ్లలో 240 గంటలు, పైగా ఏడు రోజుల క్యాంపు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక మా పిల్లలు చేతులు బొబ్బలెక్కేదాకా రోడ్ల మీద చెట్లు తీశారు. పాడేరు వైపు క్యాంపుకు వెళ్తే, పిల్లలు ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడుతుంటే మావాళ్ల తెలుగు అక్కరకు రాలేదు. మొదటి రెండు రోజులూ వినడమే సరిపోయింది. ఏడాది పొడవునా వెళ్లగలిగేది అలాంటి చోటికే.

ఎంవీపీ కాలనీ నాన్న:
ఏజెన్సీకి ఫోన్ చేసి, ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడున్నారని అడిగాను. ఆ వివరాలు మా దగ్గర ఉండవన్నారు. అడ్వాన్స్ కట్టడం ఆపేశాను. అమ్మాయికి మీ పోస్టులన్నీ చూపించాను. కోపంగానే ఉంది, కానీ రెండుసార్లు చదివింది. ఆ బాబు పేరు గుర్తుందేమో అక్కని అడగమంది.