అంగన్‌వాడీ ఆయమ్మ రోజు కూలి ఉపాధి కూలి కన్నా తక్కువ ఉండొచ్చా?

సుగ్గిబాట (కోసిగి వైపు, కర్నూలు జిల్లా)

మా అమ్మ 22 ఏళ్లుగా అంగన్‌వాడీలో ఆయా. పొద్దున్నే తాళం తీసి, కసువు ఊడ్చి, నీళ్లు పట్టి, ఇల్లిల్లూ తిరిగి పిల్లోళ్లను పిల్చుకొస్తుంది. వంట చేస్తుంది, గుడ్లు ఉడకబెడుతుంది, తినిపించి మూతులు కడుగుతుంది, మధ్యలో ఎవరైనా గుడ్డలు పాడుచేసుకుంటే మార్చి ఉతుకుతుంది. గిన్నెలు తోమి ఇల్లు చేరేసరికి సాయంత్రం నాలుగు దాటుతుంది. నెలకు 7,000. 2019లో 6,000 నుంచి పెంచి ఇంత చేశారు. ఈరోజుకూ అమ్మ ఖాతాలో పడేది అంతే.

నెలకు 26 పనిదినాలు వేసుకుంటే రోజుకు 269 రూపాయలు. ఉపాధి హామీలో 2025-26కు మన రాష్ట్రానికి పెట్టిన రేటు 307. రెండూ సర్కారు సొమ్మే. కందకం తవ్వితే 307, పసిపిల్లల్ని సాకితే 269. ఈ లెక్క చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

మాది వలస ఊరు. మిరపకోతల కాలం వచ్చిందంటే సగం ఇళ్లు తాళాలు పడి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. అవ్వల దగ్గర వదిలేసిన బిడ్డలకు పొద్దున పూట కడుపు నిండేది సెంటర్లోనే. ఆ కొన్ని నెలలూ అమ్మ వండే కుండే వాళ్లకు ఇల్లు.

నేను అడిగేది ఒకటే. ఆయమ్మ రోజు కూలి ఉపాధి కూలి కన్నా తగ్గకూడదని ప్రభుత్వం ఒక కట్ట వేయాలి. మిగతా డిమాండ్లన్నీ ఆ తర్వాత. మీరేమంటారు?

చెనిక్కాయ రైతు (నార్పల మండలం, అనంతపురం జిల్లా)

చెల్లెమ్మా, మీ అమ్మ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ 307తో పోల్చడం నాకు సరిగా అనిపించలేదు.

ఉపాధి పథకం మొదలైందే మా మండలంలో, బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అప్పటి నుంచి మా ఇంట్లో అందరమూ ఆ పనికి పోయినోళ్లమే. 307 అనేది పైరేటు. తవ్విన మట్టికి కొలతలు తీసి లెక్కగడతారు. నేల గట్టిదైతే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. పైగా ఆ 2025-26 లెక్కలో ఇంటి మొత్తానికి ఏడాదికి వంద రోజులే. పైరేటే పడిందనుకున్నా 30,700 దాటదు. ఆయమ్మకు ఏడాదికి 84,000, వాన పడినా పడకపోయినా. మా చేన్లో కాయ పీకడానికొచ్చే ఆడోళ్లకు ఆ నెల్లో మంచి కూలి దొరుకుతుంది, ఆ తర్వాత ఐదారు నెలలు ఏమీ ఉండదు. ఊర్లో పోయి అడగండి, ఆయా ఉద్యోగం వద్దనేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇంకో మాట. మా పక్క ఊరి సెంటర్ పదకొండుకు తెరిచి రెండింటికి మూసేవాళ్లు. జీతం పెంచే ముందు పని జరిగేలా చూడాలి కదా?

టీచరునే (మైదుకూరు, కడప జిల్లా)

పద్దెనిమిదేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని. ఇద్దరికీ చెప్తున్నాను.

అన్నా, పదకొండుకు తెరిచే సెంటర్ ఉంటే దాన్ని పట్టుకోండి, సూపర్‌వైజర్‌కు చెప్పండి. అడ్డుపడం. కానీ ఒక సెంటర్ పేరు చెప్పి రాష్ట్రంలో ఉన్న అందరి కూలీ ఆపడం ఏం న్యాయం? బడికి రాని సారు ఒకరున్నారని మిగతా సార్ల జీతాలు ఎవరూ ఆపలేదే!

మా పని ఎంత పెరిగిందో చెప్తాను. బరువు తూయాలి, ఎత్తు కొలవాలి, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించాలి. ఇప్పుడు గర్భిణులకు, బాలింతలకు ఇంటికి రేషన్ ఇవ్వాలంటే వాళ్ల ముఖం ఫోన్లో పడాలి. సిగ్నల్ అందక చంకలో బిడ్డతో ఉన్న తల్లిని మిద్దె మీదికి పిలుచుకుపోయిన రోజులున్నాయి. పోషకాహారమే కాదు, ప్రీస్కూల్ పాఠం, టీకాల రోజు పిలుపులు, ఓటర్ల జాబితా పని, ఏ సర్వే వస్తే ఆ సర్వే.

చెల్లీ, నీ లెక్క కూడా వేసుకున్నాను. 307ను 26తో గుణిస్తే 7,982. అంటే నువ్వు అడుగుతున్నది 982 రూపాయలు. మేం నెలకు 26,000 అడిగి 2023 డిసెంబర్ 12న రోడ్డెక్కాం. జనవరి 6న సమ్మెలు నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. తొలగిస్తామని నోటీసులు ఇచ్చారు. అయినా కదలకుండా 42 రోజులు కూర్చున్నాం, సంక్రాంతి కూడా టెంట్లోనే. ఇంత చేసినాక 982 అడిగితే, సరే తీసుకోండి అని అక్కడితో మూసేస్తారు. తక్కువ అడగడం కూడా ఒక రకంగా నష్టమే.

పద్దులాయన (కర్నూలు, విశ్రాంత ఉద్యోగి)

ముప్పై ఏళ్లు ప్రభుత్వ లెక్కలు చూసినవాడిని. మీ ముగ్గురి మాటల్లోనూ రాని సంగతి ఒకటుంది: ఈ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది?

కేంద్రం టీచర్‌కు 4,500, ఆయాకు 2,250 అని 2018లో నిర్ణయించింది. అందులో కేంద్రం భరించేది 60 శాతమే. అంటే టీచర్‌కు 2,700, ఆయాకు 1,350. టీచర్‌కు 11,500 ఇస్తున్నప్పుడు 8,800 రాష్ట్రానిదే. ఆయా 7,000లో 5,650 రాష్ట్రానిది. కేంద్రం తన అంకె మార్చనంత కాలం మీరు అడిగే ప్రతి పెంపూ నూటికి నూరు పాళ్లు రాష్ట్రం నెత్తిన పడుతుంది. టెంట్లన్నీ ఇక్కడి కలెక్టరేట్ల ముందే వేస్తారు, 2018 నాటి ఆ 2,250ని ఎవరూ గట్టిగా అడగరు. నాకు బాధ కలిగించేది అదే.

మెయిన్ సెంటర్లు 48,770 అనే పాత లెక్కనే తీసుకుంటాను. మినీ సెంటర్లలో, అంటే చిన్న అంగన్‌వాడీల్లో, ఆయాలు ఉండరు. 982 రూపాయల పెంపుకు ఏడాదికి సుమారు 57 కోట్ల 47 లక్షలు అవుతుంది. అదే టీచర్లను 26,000కు తీసుకుపోవాలంటే, మినీలను వదిలేసినా ఏడాదికి 848 కోట్లు దాటుతుంది. అందుకే మొదటిది రేపు ఉదయం చేయగలిగిన పని అంటాను, రెండోది కేంద్రం కలవకుండా కాదు.

సుగ్గిబాట

అక్కా, 982 అని మీరు రాసింది చదివాక నాకూ సిగ్గేసింది, అంత తక్కువని నేనే గుణించి చూసుకోలేదు. కానీ నా మాట మార్చుకోను. ఆ 982 కూడా ఇంతవరకూ రాలేదు కదా? నేను అడిగేది పైకప్పు కాదు, నేల. నేల వేశాక గోడలు లేపుకోవచ్చు.

రైతన్నా, ఏడాది మొత్తం లెక్క మీరు చెప్పింది నిజమే. కానీ ఏడాది మొత్తం దొరుకుతుందని రోజు కూలి తగ్గించవచ్చా? ఆ లెక్కన మీ దగ్గర ఏడాది పొడుగునా ఉండే జీతగానికి రోజు కూలోడి కన్నా తక్కువ ఇవ్వడం న్యాయమే అయిపోతుంది. ఊర్లలో జీతగాళ్లను అట్లనే కదా వాడుకున్నారు.

నల్లకోటు (అనంతపురం)

కోర్టుల సంగతి కొంత చెప్తాను, ఈ చర్చకు అవసరం.

2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వ ఉద్యోగం, కాదంది. ప్రభుత్వాలు ఇప్పటికీ పట్టుకుని వేలాడేది దాన్నే. వాళ్లకిచ్చే డబ్బుకు గౌరవ వేతనం అనే పేరు కూడా అందుకే: జీతం అంటే చట్టం వెంట వస్తుంది, గౌరవం అంటే రాదు. కానీ 2022 ఏప్రిల్ 25న మణిబెన్ కేసులో అదే కోర్టు, వీళ్లకు 1972 నాటి గ్రాట్యుటీ (పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము) చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఇచ్చేది గౌరవ వేతనమే అయినా ఆ చట్టం దృష్టిలో అది వేతనమే అంది.

మనం గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఇంకా పాతది. 1983, సంజిత్ రాయ్ కేసు. రాజస్థాన్‌లో కరువు పని కింద రోడ్డు వేయించి కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చారు. కరువులో తిండి దొరకడమే మేలు కదా అని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. మనిషి నిస్సహాయతను ఆసరా చేసుకుని కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ అంది. ఆయా ఉద్యోగం వద్దనేవాళ్లు ఊర్లో ఎవరూ లేరని రైతు అన్న రాశారు. ఆనాడు రాజస్థాన్ ప్రభుత్వం చెప్పిన మాటకు ఇది దగ్గరగానే ఉందన్నా. వేరే పని లేక వస్తున్నారంటే కూలి సరిపోతోందని కాదు.

ఇక అంకె సంగతి. 307 కన్నా గట్టి ఆధారం ఉంది. కేంద్ర కార్మిక శాఖ వేసిన సత్పతి కమిటీ 2019లో జాతీయ కనీస వేతనం రోజుకు 375, నెలకు 9,750 ఉండాలని సిఫారసు చేసింది. అదీ 2018 ధరల మీద. అడిగేటప్పుడు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

టీచరునే

9,750 అన్నారు కాబట్టి చెప్తున్నాను. పల్లెల్లో బియ్యం కార్డుకు నెల ఆదాయం 10,000 దాటకూడదని పెట్టారు, పట్నాల్లో 12,000. మా జీతం 10,500 నుంచి 11,500 అయినప్పుడు అందరూ మెచ్చుకున్నారు. మా ఊరు పల్లె. కార్డు తీసేశారు. కార్డుతో పాటు ముడిపడి ఉన్న పథకాలూ పోయాయి. మా ఆయన లారీ క్లీనర్. పెరిగిన వెయ్యి కన్నా పోయిందే ఎక్కువ. కార్యాలయం చుట్టూ తిరిగాను, నువ్వు ప్రభుత్వ ఉద్యోగివి కదమ్మా అన్నారు. జీతం దగ్గర సేవకురాలిని, కార్డు దగ్గర ఉద్యోగినా?

రేపు ఆయమ్మకు పెంచినా ఇదే అవుతుంది. ఇంట్లో ఇంకొకరు కూలికి పోతే 10,000 ఇట్టే దాటుతుంది. కాబట్టి జీతం, కార్డు రెండూ ఒకే జీవోలో తేలాలి. కార్డు మాట రాయని పెంపు మాకు వద్దు.

చెనిక్కాయ రైతు

లాయరు తమ్ముడి మాట ముల్లులా గుచ్చుకుంది, నిజమే. మా నాయన కాలంలో గంజి కేంద్రాల ముందు నిలబడిన ఊరు మాది. దొరికిందే చాలు అనే మాట మా నోట్లో అట్లనే మిగిలిపోయింది. జీతగాడి మాట కూడా ఒప్పుకుంటున్నా చెల్లెమ్మా. రోజు కూలి రోజు కూలే.

కానీ నా భయం ఒకటి మిగిలే ఉంది. జీతం పెరిగితే పోస్టుకు రేటు పెరుగుతుంది. 7,000 ఉన్నప్పుడే మా వైపు ఒక ఆయా పోస్టు కోసం ఎద్దులు అమ్ముకున్న ఇల్లు నాకు తెలుసు. 15,000 చేస్తే ఆ పోస్టు పేద విధవరాలికి దక్కుతుందా, నాయకుడి ఇంటి చుట్టానికి దక్కుతుందా? పెంచండి, కానీ నియామకం ఊరందరి ముందు, మార్కులు గోడకు అంటించి చేయాలి.

పద్దులాయన

రైతు గారి భయం అబద్ధం కాదు. కానీ జీతం తక్కువ పెట్టి లంచాన్ని ఆపగలిగిన శాఖను నా సర్వీసులో చూడలేదు. ఎద్దులు అమ్మి పోస్టు కొన్నామె ఆ 7,000తో అప్పు తీర్చలేక ఏం చేస్తుంది? సరుకు వైపు చూస్తుంది. పాలల్లో, నూనెలో, పప్పులో తగ్గేది పిల్లల వంతే. ఒక్కో బిడ్డకు రోజుకు 8 రూపాయలని కేంద్రం 2017లో పెట్టిన ఖర్చు లెక్క. అందులోంచి ఒక రూపాయి జారినా తెలిసిపోతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వండే చేతికి ఇచ్చే కూలినీ, తినే బిడ్డనూ వేరువేరు పద్దుల్లో చూడలేం.

9,750కి లెక్క వేశాను. ఆయాకు 2,750 పెంపు, 48,770 మందికి, ఏడాదికి సుమారు 161 కోట్లు. కేంద్రం 2,250ని పెంచి తన 60 శాతం ఇస్తే రాష్ట్రానికి పడేది సగం కన్నా తగ్గుతుంది.

టీచరునే

సార్, ఆయాల లెక్కే వేశారు. టీచర్లు తర్వాత అంటే మా మధ్య గీత గీసినట్టు కాదా? సమ్మెలో ఇద్దరమూ ఒకే టెంట్లో ఉన్నాం, వంట కూడా కలిసే చేసుకున్నాం.

సుగ్గిబాట

అక్కా, గీత ఎప్పుడో గీశారు, 11,500 ఒకవైపు, 7,000 ఒకవైపు. మిమ్మల్ని ఆపమని అడగడం లేదు. 26,000 అడగండి, మేమూ వస్తాం. కానీ చర్చలకు కూర్చున్నప్పుడు కాగితంలో మొదటి వరస ఆయాది ఉండాలి. ఎప్పుడూ టీచర్ల అంకె తేలాక, మిగిలినదాంట్లో ఆయాలకు ఇంత అని రాస్తున్నారు.

307 అన్న నా అంకెను వెనక్కి తీసుకుంటున్నా. రోజుకు 375, అదీ 2018 ధర మీద కాదు, ఈనాటి ధర మీద. కార్డు మాట అదే జీవోలో. రైతన్న చెప్పినట్టు నియామకం ఊరందరి ముందు. పద్దుల సార్ చెప్పిన 2,250 సంగతి ఎంపీకి రాయాలి, దానికి లెక్క ఎట్లా రాయాలో సార్ చూపిస్తే నేను రాస్తాను.

రాత్రి అమ్మకు ఇదంతా చదివి వినిపించినా. లెక్కల దగ్గర ఏమీ అనలేదు. కార్డు మాట వచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చుని, మళ్లీ చదవమంది.