'మెసిరుత్ నెఫెష్'కు తెలుగు మాట కావాలి

1796లో అచ్చయిన యూదు మార్మిక గ్రంథం తాన్యాను తెలుగు చేస్తూ మూడు వారాలుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను: మెసిరుత్ నెఫెష్. అక్షరాలా, ప్రాణాన్ని అప్పగించడం. విశ్వాసం కోసం చావుకు సిద్ధపడటమూ అదే, బతికుండగా తన ఇష్టాన్ని దేవుడి ఇష్టానికి వదిలేయడమూ అదే. రోజుకు రెండుసార్లు షెమా (దేవుడొక్కడే అని చాటే యూదుల ప్రార్థన) చెప్పేటప్పుడు ఆ సిద్ధపాటు మనసులో ఉండాలంటుంది 25వ అధ్యాయం. ఎంత గొప్ప ఊహ!

'ఆత్మబలిదానం' అంటే చావొక్కటే కనిపిస్తోంది. 'ఆత్మనివేదనం' నాకెంతో ఇష్టం, కానీ నవవిధ భక్తి గుర్తొచ్చి చావు మాయమవుతోంది. 'శరణాగతి'లో రక్షణ కోరడమే ముందుకొస్తోంది. మూలపదాన్నే ఉంచి అధోజ్ఞాపిక రాశాను; చదివిన ఇద్దరూ అక్కడే తడబడ్డారు.

షెమా వాక్యంలో ఈ రెండర్థాలనూ మోయగల తెలుగు మాట ఏది?