క్లోరిన్ ఎంత వేసినా పూల్ పచ్చగానే ఉంటోంది (45 వేల లీటర్లు, బోరు నీళ్లు)

బత్తాయితోట_నార్కట్‌పల్లి:

అందరికీ నమస్తే. నార్కట్‌పల్లి దగ్గర తోటలో పూల్ ఉంది. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4, లోతు ఒక పక్క 1.1, ఇంకో పక్క 1.7. కాంక్రీటు మీద టైల్స్. నింపినవి మొత్తం బోరు నీళ్లే. 24 అంగుళాల ఇసుక ఫిల్టర్, ఒక హెచ్‌పీ మోటరు, రోజుకు నాలుగు గంటలు నడుస్తుంది. బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టర్ కడగడం) నెలకోసారి.

నెల రోజుల కింద మూలల్లో పాకురు మొదలైంది. ఇప్పుడు రెండో మెట్టు కూడా కనబడట్లేదు. పోయిన జులైలో నింపినప్పటి నుంచి 90 శాతం టీసీసీఏ (క్లోరిన్) బిళ్లలు మొత్తం 15 కిలోలు పడ్డాయి. ఈ నెలలో షాక్ (ఒక్కసారే పెద్ద మోతాదు) అని బ్లీచింగ్ పౌడర్ మూడేసి కిలోలు రెండుసార్లు వేశాం. ఊర్లో చెప్పారని మైలుతుత్తం అర కిలో వేశాం. పసుపు రంగు వచ్చే చుక్కల కిట్‌లో క్లోరిన్ 3 చూపిస్తోంది, పీహెచ్ 8.2.

క్లోరిన్ 3 ఉన్నా నాచు ఎందుకు చావట్లేదు? ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, దానివల్లనా? రోహిణి కార్తె, బోరు గంటకు రెండు వేల లీటర్ల కంటే ఇవ్వట్లేదు. నీళ్లు పారబోయకుండా దారి ఉంటే చెప్పండి.

జడ్చర్ల_పూల్‌పని:

అన్నా, ముందు ఫ్లోరైడ్ అనుమానం తీసేయండి. ఫ్లోరైడ్ క్లోరిన్‌ను తినదు, నీళ్లకు రంగూ తేదు. మీ జబ్బు ఆ 15 కిలోల బిళ్లల్లో ఉంది.

టీసీసీఏ బిళ్ల కరిగితే క్లోరిన్ ఒక్కటే రాదు, దాంతోపాటు సైనూరిక్ యాసిడ్ వస్తది. దుకాణంలో స్టెబిలైజర్ అనేది దీన్నే. కిలో బిళ్లలకు సుమారు 550 గ్రాములు. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతది, ఇది ఖర్చు కాదు. ఎండకు ఆరిపోదు, ఫిల్టర్‌లో ఆగదు. మీరు బోరు నీళ్లు కలిపినప్పుడల్లా ఆవిరైన నీళ్లే తిరిగి వచ్చినయి, స్టెబిలైజర్ అట్లనే ఉంది. లెక్క చూడండి: 15 కిలోలకు 8,250 గ్రాములు, 45 ఘనపు మీటర్ల నీళ్లకు 183 పీపీఎం, అంటే లీటరుకు 183 మిల్లీగ్రాములు. బ్యాక్‌వాష్‌లో కొంత పోయిందనుకున్నా 150కి తక్కువ ఉండదు. ఉండాల్సింది 30 నుంచి 50.

అది అసలే వద్దని కాదు. లేకపోతే మన ఎండకు క్లోరిన్ గంట సేపు కూడా గట్టిగ నిలవదు. కానీ మితిమీరితే క్లోరిన్‌ను పట్టుకుని వదలదు. కొట్టంలో ఎద్దు ఉంది, గుంజకు కట్టేసి ఉంది. లెక్కకు వస్తది, దున్నడానికి రాదు. మీ కిట్‌లో కనబడే 3 అదే. నాచు పుట్టకుండా ఆపాలంటేనే స్టెబిలైజర్‌లో 7.5 శాతమంత క్లోరిన్ ఎప్పుడూ ఉండాలె, అంటే మీకు 11. పుట్టిన నాచును చంపాలంటే 40 శాతం, అంటే 60 పీపీఎం. 10 శాతం హైపో (ద్రవ క్లోరిన్, సోడియం హైపోక్లోరైట్) లీటరు పోస్తే మీ పూల్‌లో 2.2 పీపీఎం పెరుగుతది. 60 దాకా లేపడానికే 27 లీటర్లు, ఆ మీద నాచు చచ్చేదాకా అక్కడే నిలబెట్టడానికి రోజూ ఇంకా పోయాలె. మీ బ్లీచింగ్ పౌడర్ మూడు కిలోలు తాజాదైనా ఒక్కోసారికి 20 పీపీఎం ఇచ్చింది, అంతే. అందుకే చాల్లేదు.

కాబట్టి నీళ్లు మార్చక తప్పదు. సగం తీసి నింపితే 150 కాస్త 75, ఇంకోసారి సగం తీస్తే 38. మీ బోరు లెక్కన ఒక సగానికి 11 గంటలు, రెండు రాత్రులకు పంచుకోండి. టాంకర్ అయితే 5 వేల లీటర్లవి నాలుగున్నర. చెరువు నీళ్ల టాంకర్ మాత్రం వద్దు, అందులోనే నాచు వస్తది. చేసేదేదో ఇప్పుడే చేయండి. వానలు పడి భూమి నానినంక తొట్టి ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి పైకి లేచే ప్రమాదం ఉంది. ఎండాకాలమైనా మొత్తం ఖాళీ చేయకండి, ఎండకు టైల్స్ ఊడుతయి.

ముందు నిర్ధారణ కోసం స్టెబిలైజర్ కిట్ తెప్పించండి. నీళ్లలో మందు కలిపితే పాలలా విరుగుతది, గొట్టం అడుగున నల్ల చుక్క కనబడకుండా పోయే ఎత్తు దగ్గర అంకె చదవాలె. అది 100 దాటితే నమ్మకంగ చెప్పదు. పూల్ నీళ్లు ఒక వంతు, బోరు నీళ్లు ఒక వంతు కలిపి చూసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

ఇంకో మాట, ఇది ప్రాణాల మీది మాట: బిళ్లలూ బ్లీచింగ్ పౌడరూ ఒకే మగ్గులో, ఒకే డబ్బాలో, ఒకే ఫ్లోటర్‌లో (బిళ్లలు పెట్టి నీళ్ల మీద తేల్చే డబ్బా) ఎప్పుడూ కలవొద్దు. మంట లేస్తది, పేలుతది. హైపోకు యాసిడ్ తగిలితే విషవాయువు వస్తది. రెండింటికీ వేర్వేరు మగ్గులు పెట్టుకోండి.

నీళ్లలెక్క:

పై లెక్క సరైనదే. మైలుతుత్తం గురించి చెప్పాల్సింది మిగిలింది. అందులో నాలుగో వంతు రాగి. అర కిలోకు సుమారు 127 గ్రాములు, అంటే మీ నీళ్లలో 2.8 పీపీఎం పడింది. పీహెచ్ 8.2 ఉన్న గట్టి బోరు నీళ్లలో అది కొంత విరిగి టైల్స్ సందుల్లో నీలిపచ్చ మరకగా దిగుతుంది, మిగతాది నీళ్లలోనే ఉండి లేత పచ్చ రంగునిస్తుంది. నాచంతా చచ్చాక కూడా ఆ రంగు ఉండొచ్చు. అది చూసి ఇంకా క్లోరిన్ పోస్తూ పోతే పని జరగదు, మరక ముదురుతుంది.

తేడా తెలుసుకోవడం సులువు. తెల్ల బకెట్‌లో పూల్ నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా పెట్టండి. అడుగున పచ్చని బురద దిగితే నాచు. నీళ్లు తేటగా ఉండి మొత్తం ఒకే నీలిపచ్చగా ఉంటే రాగి. గోడను తెల్లగుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకు జారుడుగా అంటేది పాకురు. మీ మెట్టు కనబడట్లేదంటే ప్రస్తుతానికి ఎక్కువ భాగం నాచే. రెండుసార్లు సగం సగం మారిస్తే రాగి కూడా 0.7కు దిగుతుంది, నీళ్లు మార్చడానికి అది రెండో కారణం.

తీసిన నీళ్లు బత్తాయి చెట్లకు పెట్టకండి. సాగునీటిలో రాగి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించొద్దన్నది ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) హద్దు, మీ నీళ్లలో దానికి పది రెట్లకు పైగా ఉండొచ్చు. క్లోరైడు ఉప్పుకు కూడా బత్తాయి తట్టుకోదు. చెరువులోకో వాగులోకో వదిలితే చేపలు చస్తాయి. బోరుకు, బావికి దూరంగా, చెట్లు లేని బీడు మీద కొంచెం కొంచెంగా వదలండి.

కొత్త నీళ్లు నింపాక ముందు పీహెచ్ సరిచేయాలి, తర్వాతే క్లోరిన్. క్లోరిన్ 10 దాటితే పీహెచ్ చుక్కలు ఊదారంగుకు తిరిగి తప్పు చూపిస్తాయి. 30 శాతం పైన ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ అర లీటరు బకెట్ నీళ్లలో పోసి (నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు), మోటరు నడుస్తుండగా నీళ్లు తిరిగి వచ్చే గొట్టం ముందు వదలండి. గంట ఆగి మళ్లీ చూడండి. మన బోరు నీళ్లకు క్షారత ఎక్కువ, 8.2 నుంచి 7.4కు దించడానికి మొత్తం రెండు లీటర్ల దాకా పట్టొచ్చు. ఒక్కసారే పోయొద్దు.

పసుపు చుక్కల కిట్ పక్కన పెట్టండి. అది పనిచేసే క్లోరిన్‌నూ మురికితో కలిసి చేవ చచ్చినదాన్నీ కలిపి చూపిస్తుంది. డీపీడీ పొడి వేసి, గులాబీ రంగు పోయేదాకా చుక్కలు లెక్కపెట్టే కిట్ కావాలి. 10 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక్కో చుక్క అర పీపీఎం.

దేవరకొండ_ప్లంబింగ్:

మందు ఎంత మంచిగ పనిచేసినా చచ్చిన నాచును బయటికి తీసేది ఫిల్టరే. నెలకోసారి బ్యాక్‌వాష్ అన్నరు, ఇప్పుడది సరిపోదు. కడిగినంక ఫిల్టర్ మీది ఒత్తిడి గేజ్ ఎంత చూపిస్తే అది రాసిపెట్టుకోండి. దానికంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలె. నాచు చచ్చే రోజుల్లో పొద్దున ఒకసారి, పొద్దుగూకినంక ఒకసారి పడొచ్చు. గాజు బుడ్డిలో నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు, ఆ తర్వాత రిన్స్ మీద ఒక నిమిషం. రిన్స్ వదిలేస్తే పైపులో మిగిలిన మురికి తిరిగి పూల్‌లోకే పోతది.

మల్టీపోర్ట్ వాల్వ్ (ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్, వేస్ట్ అని నీళ్ల దారి మార్చేది) పిడి తిప్పేముందు మోటరు బంద్ చేయాలె, ప్రతిసారీ. నడుస్తుండగా తిప్పితే లోపల చక్రం ఆకుల్లా ఉండే రబ్బరు గాస్కెట్ లేస్తది, చిరుగుతది. అప్పుడు నీళ్లు ఇసుకలోకి పోకుండానే అడ్డదారిన పూల్‌కు వస్తయి. పిడి ఫిల్టర్ మీద పెట్టి వేస్ట్ పైపు చివర చూడండి. సన్నని ధార కారుతుంటే గాస్కెట్ పోయినట్టే.

ఒకసారి మూత తీసి ఇసుకలో చెయ్యి పెట్టండి. గట్టి బోరు నీళ్లకు సున్నం పట్టి ఇసుక గడ్డలు కడతది. నీళ్లు గడ్డల మధ్య దారి చేసుకుని పోతయి, ఏమీ వడగట్టవు. చేతికి గడ్డలు తగిలితే ఇసుక మార్చుడే. 24 అంగుళాల దానికి సుమారు 150 కిలోలు పడతది, 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల ఫిల్టర్ ఇసుక అని అడగండి. వాగు ఇసుక పోస్తే మట్టి దిగుతది, సన్నది పూల్‌లోకి వస్తది. పటిక కూడా ఇప్పుడు వేయొద్దు, ఇసుకను జిగురు చేస్తది.

మోటరు నాలుగు గంటలంటే నీళ్లన్నీ ఒక్కసారి తిరుగుడే కష్టం. శుభ్రమయ్యేదాకా రాత్రీ పగలూ నడవాలె. నిచ్చెన కాళ్ల వెనక, లైట్ గూడు లోపల, స్కిమ్మర్ (పైన తేలే చెత్తను లాగే గూడు) తలుపు వెనక బ్రష్ పెట్టి రుద్దండి. నాచు అక్కడ దాక్కుని మళ్లీ వస్తది. అడుగు బురదను వాక్యూమ్ చేస్తే వాల్వ్ వేస్ట్ మీద పెట్టి నేరుగా బయటికి పంపండి.

బత్తాయితోట_నార్కట్‌పల్లి:

అందరికీ ధన్యవాదాలు. సగం కలిపి చూస్తే 75 వచ్చింది, అంటే 150. సగం సగం రెండుసార్లు మార్చాం, ఇప్పుడు 40. యాసిడ్ రెండు లీటర్లకు పీహెచ్ 7.4. గాస్కెట్ చిరిగే ఉంది, మార్చాం. ఇసుక బాగానే ఉంది. ఇక హైపో ఎంత, ఎన్ని రోజులు?

జడ్చర్ల_పూల్‌పని:

40కి 40 శాతం, అంటే 16 పీపీఎం. 10 శాతం హైపో ఏడు లీటర్ల పైన కొంచెం. తయారీ తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టిన డబ్బా వారాల్లో చేవ తగ్గుతది. పొద్దుగూకినంక పోసి, పగలు మూడు నాలుగు గంటలకోసారి చూసి మళ్లీ 16కు లేపుతూ ఉండాలె. మొదటి రెండు రోజులు పోసిందంతా నాచు తినేస్తది, ఆపొద్దు. మధ్యలో ఆపితే మిగిలిన నాచు మళ్లీ పెరిగి, పోసిందంతా వృథా. నీళ్లు పచ్చ నుంచి బూడిద రంగుకు, ఆ తర్వాత పాల రంగుకు తిరుగుతయి. అది చచ్చిన నాచు, ఇక ఫిల్టర్ పని.

ఆపడానికి మూడూ కుదరాలె. నీళ్లు తేటగుండాలె. మురికితో కలిసిన క్లోరిన్ అర పీపీఎం మించొద్దు. రాత్రి చీకటి పడ్డంక చూసిన అంకెకు, పొద్దుగాల ఎండ తగలకముందు చూసిన అంకెకు తేడా ఒకటి దాటొద్దు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి, క్లోరిన్ తగ్గిందంటే తినేది ఇంకా బతికే ఉంది. అడుగు కనబడేదాకా పిల్లల్ని దిగనియ్యకండి. మునిగినోళ్లు పైకి కనబడరు.

బత్తాయితోట_నార్కట్‌పల్లి:

ఆరో రోజు: రాత్రి 16, పొద్దున 15.5. కలిసిన క్లోరిన్ అర. అడుగున డ్రెయిన్ జాలీ రంధ్రాలు పైనుంచి లెక్కపెట్టొచ్చు. కొద్దిగా నీలి ఛాయ ఉంది, బకెట్‌లో తేటగానే ఉంది కాబట్టి రాగి అనుకుంటున్నా. మూడు నాలుగు రోజులు తోటకు రాలేనప్పుడు బిళ్లలు వాడొచ్చా?

జడ్చర్ల_పూల్‌పని:

వాడొచ్చు, లెక్క పెట్టుకుని. 200 గ్రాముల బిళ్ల మీ పూల్‌లో 4 పీపీఎం క్లోరిన్, 2.4 స్టెబిలైజర్ వేస్తది. రోజూ వచ్చేటప్పుడు హైపోనే పోయండి, 5 దగ్గర నిలబెట్టండి, ఈ ఎండకు రోజుకు లీటరు నుంచి లీటరున్నర పడతది. ఊరికి పోయే ముందు సాయంత్రం 10కి లేపి, ఫ్లోటర్‌లో రెండు బిళ్లలు వేయండి. స్కిమ్మర్‌లో వేయొద్దు, మోటరు ఆగినప్పుడు ఆ పులుపు నీళ్లు నిలిచి పంపును తినేస్తయి. వేసిన బిళ్లల బరువు మోటరు గది గోడ మీద తేదీతో రాయండి. మొత్తం రెండు కిలోలు దాటితే స్టెబిలైజర్ 64కు వచ్చినట్టు, అప్పుడు మూడో వంతు నీళ్లు మార్చండి.