ముఖలింగం, శ్రీకూర్మం, సాలిహుండం, అరసవల్లి: ఒక్క రోజులో కారు మీద అవుతాయా?

బొబ్బిలి బండి: రాత్రికి శ్రీకాకుళంలో దిగి పొద్దున్నే బయల్దేరాలని అనుకుంటున్నాం. ఐదుగురం, అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. దర్శనాలు తొందరగా కానిచ్చి శిల్పం, శాసనాలు తీరిగ్గా చూడాలని. ఏ వరసలో వెళ్తే తిరుగుడు తగ్గుతుంది?

వంశధార గట్టు: అవుతాయండి. అన్నీ కలిపి 140 కిలోమీటర్లు అటూ ఇటూ. దూరంతో పేచీ లేదు గానీ, మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు, అక్కడే చాలామంది ప్లాన్ తప్పుతుంది. దగ్గరే కదా అని పొద్దున్న శ్రీకూర్మం వెళ్లి, ముఖలింగం చేరేసరికి మధుకేశ్వరుడి తలుపులు వేసేసి ఉంటాయి.

ఆరింటికల్లా అరసవల్లి. ఊరిని ఆనుకునే ఉంది. అక్కణ్ణుంచి హైవే ఎక్కి మడపాం దగ్గర వంశధార దాటి (టోల్ ఉంది, ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి) నరసన్నపేట, చల్లవానిపేట మీదుగా ముఖలింగం. సుమారు 45 కిలోమీటర్లు, గంటా పావు పెట్టుకోండి.

అక్కడ గుళ్లు మూడు. అందరూ మధుకేశ్వరుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి వెనక్కి వచ్చేస్తారు, అదే నాకు నచ్చదు. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు, శిఖరం ఒక్కటే నిటారుగా లేస్తుంది. చుట్టూ తిరిగితే గోడల మీది శిల్పం అడ్డం లేకుండా కనిపిస్తుంది. భీమేశ్వరం చిన్నది, పావుగంట చాలు. మొత్తానికి రెండున్నర గంటలు తగ్గకండి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. శాసనాల మీద ఇష్టం ఉందన్నారు కాబట్టి చెప్తున్నా: గిడుగు రామమూర్తి గారు లిపి సొంతంగా నేర్చుకుని చదివినవి ఇక్కడి రాతలే.

గార రోడ్డు: పై వరస సరైనదే. మధ్యాహ్నం భోజనం నరసన్నపేటలోనో శ్రీకాకుళంలోనో కానిచ్చేయండి, తర్వాత దారిలో సరైన హోటళ్లు తక్కువ. మూడింటికి సాలిహుండం, ఐదింటికి శ్రీకూర్మం. ఈ రెండూ తిరగేశారో, చీకటిపడే వేళకి సాలిహుండం కొండ మీద ఉంటారు.

సాలిహుండంలో బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు కొండ వాలు పొడవునా ఉంటాయి. నీడ బాగా తక్కువ, పైన నీళ్లు దొరకవు. మనిషికి లీటరు పట్టుకెళ్లండి. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చిందీ గిడుగు వారే.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖం, ధ్వజస్తంభాలు రెండు. మండపం స్తంభాలు ఒక్కొక్కటీ చూడండి, తెలుగు శాసనాలు బోలెడు. మధ్వ యతి నరహరి తీర్థుల 1281 నాటి శాసనం ఇక్కడిదే. గోడల మీది పాత బొమ్మలకి చెయ్యి తగలనివ్వకండి, చెమటకి రంగు లేచిపోతుంది. ఫొటోలు తియ్యనిస్తారో లేదో ముందే అడగండి.

బొబ్బిలి బండి: ఆదివారం అయితే ఫర్వాలేదా? అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఎప్పుడు?

వంశధార గట్టు: ఆదివారం వద్దు. సూర్యుడి వారం, అరసవల్లి క్యూలోనే పొద్దు గడిచిపోతుంది. రథసప్తమి సంగతి సరేసరి. ముఖలింగానికి కార్తీక సోమవారాలు, శివరాత్రి తర్వాతి చక్రతీర్థ స్నానం రోజు కూడా తప్పించండి. కిరణాలు మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల్లో తెల్లవారుతూనే. తూర్పున మబ్బు పడితే ఏమీ కనపడదు, అక్టోబరులో ఆ బెడద ఎక్కువ.

గార రోడ్డు: మోకాళ్ల వాళ్లని సాలిహుండం పైదాకా ఎక్కించకండి. ఆ గంటన్నరా వాళ్లని కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర దింపి, మిగతా ముగ్గురూ ఎక్కి రండి.