అప్‌డేట్: వేడెక్కింది బంగారం కాదు, దాని చుట్టూ ఉన్న నీళ్లు

నా పాత ప్రశ్న ఇది: 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లో పెడితే బంగారు నానోకణాల (కంటికి కనబడనంత చిన్న బంగారు కణాల) ద్రావణం వేడెక్కుతోంది, ఆ వేడి నిజంగా బంగారానిదేనా? ముందు కణాలను కడిగి చూడమన్నారు. కడిగాను.

సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పితే అడుగున ముదురు ఎరుపు చుక్కలా బంగారం చేరింది, పైన తేట నీళ్లు మిగిలాయి. మొదటిసారి కణాలు ముద్దకట్టి ద్రావణం నీలంగా మారింది, మళ్లీ మొదటినుంచి చేశాను. రెండోసారి ఎరుపు నిలిచింది. ఆ కణాలను అయాన్లు (ఉప్పులాంటివి నీళ్లలో కరిగితే వచ్చే విద్యుదావేశమున్న కణాలు) తీసేసిన నీళ్లలో కలిపి తరంగాల్లో పెడితే దాదాపు ఉత్త నీళ్లంతే వేడెక్కాయి. బంగారం లేని తేట మాత్రం అసలు ద్రావణంతో సమానంగా వేడెక్కింది! అంటే ఆ వేడి తయారీలో మిగిలిపోయిన సిట్రేట్, సోడియం, క్లోరైడ్ అయాన్లది. కొలిచింది ఫైబర్ ఆప్టిక్ థర్మామీటర్‌తోనే, లోహపు తీగైతే తరంగాలకు అదే వేడెక్కి లెక్క తప్పేది.

నిజం చెప్పాలంటే బాధేసింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాన్ కాంజియస్ తనకు రక్త క్యాన్సర్ ఉండగానే, లోహపు నానోకణాలను రేడియో తరంగాలతో వేడెక్కించి క్యాన్సర్ కణాలను చంపే ఈ దారి వెతికాడు, 2009లో చనిపోయాడు. రేడియో తరంగాలు లేజర్ కాంతి కంటే ఒంట్లోకి చాలా లోతుగా వెళ్తాయి, ఆశంతా అక్కడే. కానీ రక్తమూ ఉప్పునీరే కదా, ఆరోగ్యంగా ఉన్న కణజాలమూ వేడెక్కుతుంది.

ఇక అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్ కణాలతో, మారే అయస్కాంత క్షేత్రంలో చూస్తాను. కడగమన్నవాళ్లందరికీ థ్యాంక్స్.