అమ్మే కంపెనీయే పరిశోధిస్తే నమ్మొచ్చా? పేగు బ్యాక్టీరియా, యాకుల్ట్ ఇన్‌స్టిట్యూట్ గురించి

పొద్దుతిరుగుడు:
అమ్మకు పోయిన నెల పది రోజులు యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది. జ్వరం తగ్గింది కానీ కడుపు కుదుటపడలేదు. ప్రోబయోటిక్ (మేలు చేస్తుందని ఇచ్చే బతికున్న బ్యాక్టీరియా) ఏదైనా తాగించి చూడమన్నారు డాక్టరుగారు. ఏది మంచిదో తెలుసుకుందామని పేపర్లు వెతికాను. యాకుల్ట్ పానీయంలో ఉండే బ్యాక్టీరియా రకాన్ని షిరోటా స్ట్రెయిన్ అంటారు. దాని మీద వచ్చిన పేపర్లలో చాలావాటికి రచయితలు టోక్యో దగ్గర కునితాచిలో ఉన్న యాకుల్ట్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే. అంటే ఆ పానీయం అమ్మే కంపెనీ మనుషులే. "పెరుగు అమ్మేవాడు పుల్లగా ఉందంటాడా?" అని అన్నయ్య కొట్టిపారేశాడు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. 1955 నుంచి నడుస్తున్న సంస్థ చేసిన పనంతా ఉత్త ప్రచారమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజుపలక:
నేను ఏ కంపెనీ మనిషినీ కాదండీ. ఎనిమిదేళ్లుగా యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇదే పని చేస్తున్నాను. ముందు వాళ్లు ఏం చేస్తారో చెప్తాను, తర్వాత నమ్మకం సంగతి.

పేగులో ఉండే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఆక్సిజన్ పడదు. మలం శాంపిల్ కాసేపు గాలిలో ఉంటే చాలు, కొన్ని చచ్చిపోతాయి. అందుకే నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ నింపిన పెట్టెలో పని చేస్తాం. పెట్టె గోడకే బిగించిన పొడుగాటి గ్లోవ్స్‌లో మోచేతుల పైదాకా చేతులు దూర్చాలి. పది నిమిషాలకే అరచేతులు చెమటతో జారుతుంటాయి. ఆ మందపాటి రబ్బరు వేళ్లతోనే చిన్న ట్యూబు మూత తిప్పాలి. ఇంత చేసినా బ్యాక్టీరియాను పెంచే గాజు పలకల మీద పెరిగేవి కొన్నే.

ఈ ఇబ్బందిని దాటడానికి యాకుల్ట్ వాళ్లు యిఫ్-స్కాన్ అనే పద్ధతి తయారుచేశారు. బ్యాక్టీరియాను పెంచే పని లేకుండా దాని రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏను (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రాంగంలోని భాగాన్ని) పట్టుకుని లెక్కిస్తారు. ఒక్కో కణంలో ఆ ఆర్‌ఎన్‌ఏ కాపీలు వేలల్లో ఉంటాయి కాబట్టి, చాలా తక్కువగా ఉన్న రకాలు కూడా దొరుకుతాయి. ఇక మనం తాగిన స్ట్రెయిన్ ప్రాణాలతో బయటికొచ్చిందా అన్నది ఇంకో ప్రశ్న. దానికి మలంలోని బ్యాక్టీరియాను ప్రత్యేకమైన మీడియం (పోషక పదార్థం) మీద పెంచి, వచ్చిన కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) తమ స్ట్రెయిన్‌వేనా అని ఆ స్ట్రెయిన్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీతో పరీక్షిస్తారు. ఇదంతా గట్టి పని. ఎవరి జీతం తీసుకుని చేసినా లెక్క లెక్కే.

సూటిమాట:
లెక్క తప్పని ఎవరన్నారండీ? బ్యాక్టీరియా బతికి బయటపడితే మనిషికి మేలు జరిగినట్టేనా? అసలు తగువు అక్కడుంది. అదే షిరోటా స్ట్రెయిన్ ముక్కు, గొంతు భాగాల్లో రోగక్రిములను ఎదుర్కొనే శక్తిని నిలబెడుతుందని చెప్పుకోవడానికి యాకుల్ట్ యూరప్‌లో అడిగింది. ఇచ్చిన ఆధారాలు చూసి, కార్యకారణ సంబంధం రుజువు కాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో తేల్చింది. అమెరికాలో డానన్ కంపెనీ యాక్టివియా పెరుగు గురించీ, డాన్‌యాక్టివ్ పానీయం గురించీ అతిగా చెప్పుకుందన్న ఆరోపణలు వచ్చాయి. అదే ఏడాది 39 రాష్ట్రాలకు 2.1 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ కంపెనీకీ పెద్ద ల్యాబులున్నాయి, మంచి శాస్త్రవేత్తలున్నారు.

ల్యాబ్‌లో ఎవరో అబద్ధం ఆడుతున్నారని కాదు నా భయం. ఏ ప్రశ్న అడగాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. "మా స్ట్రెయిన్ తాగితే బిఫిడో (పేగులో మంచిదని చెప్పే ఒక బ్యాక్టీరియా) పెరిగిందా?" అని అడుగుతారు. "అది తాగకుండా ఊరికే ఉంటే ఇంకా త్వరగా కోలుకునేవారా?" అని ఏ కంపెనీ అడుగుతుంది?

గాజుపలక:
ఆ రెండో ప్రశ్నను నిజంగానే అడిగారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2018లో ప్రచురించారు. యాంటీబయాటిక్స్ వాడిన 21 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు, ఒక గుంపుకు పలు రకాల బ్యాక్టీరియా కలిపిన ప్రోబయోటిక్ ఇచ్చారు, మూడో గుంపుకు యాంటీబయాటిక్స్‌కు ముందు తీసి దాచిన వాళ్ల సొంత మలాన్నే తిరిగి ఎక్కించారు. సొంతది తిరిగి పొందినవాళ్ల పేగు కొద్ది రోజుల్లోనే పాత స్థితికి వచ్చింది. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లది, ఏమీ తీసుకోనివాళ్ల కంటే కూడా ఆలస్యమైంది. నెలల తరబడి. ఎండోస్కోపీతో పేగు లోపలి నుంచే శాంపిళ్లు తీశారు కాబట్టి, మలంలో కనిపించేదీ పేగు గోడ మీద ఉన్నదీ ఒకటి కావని కూడా తేలింది. మలాన్నే నమ్ముకున్న మాలాంటి వాళ్లందరికీ అది పెద్ద దెబ్బ.

అయితే ఒక్క మాట. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన ఇద్దరూ పేగు బ్యాక్టీరియాను బట్టి డైట్ సలహాలు అమ్మే డేటూ అనే కంపెనీకి అప్పట్లో జీతం తీసుకునే సలహాదారులు. ఆ సంగతి వాళ్లే పేపర్‌లో రాశారు. కంపెనీ డబ్బుందని యాకుల్ట్‌ను పక్కన పెడితే వీళ్లనూ పెట్టాలి. నేను ఇద్దరినీ పక్కన పెట్టను. ఇద్దరి డేటా చదువుతాను.

నైట్‌డ్యూటీ:
నేను ఐసీయూలో నర్సును. మీ చర్చంతా పనిచేస్తుందా లేదా అనే నడుస్తోంది. హాని సంగతి కూడా చూడండి. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన ప్యాంక్రియాస్ వాపుతో ఉన్న రోగులపై జరిగిన ట్రయల్ 2008లో వచ్చింది. ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 24 మంది చనిపోయారు, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) ఇచ్చినవాళ్లలో 9 మంది. రెండు గుంపుల్లోనూ రోగుల సంఖ్య దాదాపు సమానమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలం ఎంత లెక్కించినా ఇది బయటపడేది కాదు. నెలలు నిండని పిల్లలకు ప్రోబయోటిక్స్ ఇవ్వడంపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఆసుపత్రులను హెచ్చరించింది.

అలాగని అన్నీ ఒకే గాటన కట్టకండి. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలకు పైగా పసిపిల్లలపై చేసిన ట్రయల్ 2017లో నేచర్‌లో వచ్చింది. పుట్టిన కొద్ది రోజుల్లోనే వాళ్లకు వారం పాటు ప్లాంటారమ్ రకం బ్యాక్టీరియాను, దాని మేతగా ఒక చక్కెరను ఇచ్చారు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి), మరణం కలిపి చూస్తే 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. దానికి డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వ సంస్థ. అది చదివిన రోజు డ్యూటీలో కళ్లు చెమర్చాయి నాకు.

సూటిమాట:
నేననేదీ అదే. ట్రయల్ కంపెనీ చేతిలో లేకపోతే మంచి ఫలితాన్నైనా చెడు ఫలితాన్నైనా గుండె మీద చెయ్యేసుకుని నమ్మొచ్చు. స్ట్రెయిన్‌ను, కొలిచే పద్ధతిని కంపెనీ ఇవ్వనివ్వండి. రోగులకు ఇచ్చి చూసే పని మాత్రం బయటివాళ్లది కావాలి. ఏం కొలుస్తారో ముందే రిజిస్టర్ చేయాలి.

గాజుపలక:
దీనికి ఒప్పుకుంటాను. అయితే కంపెనీ ల్యాబులు మూతబడితే ఆ కొలిచే పద్ధతులు ఎక్కణ్నుంచి వస్తాయో కూడా ఆలోచించండి. ఒకే స్ట్రెయిన్‌ను దశాబ్దాల పాటు పట్టుకుని కూర్చోవడానికి మా యూనివర్సిటీలో ఎవరూ గ్రాంటు ఇవ్వరు. మూడేళ్లకే ముగించమంటారు.

పొద్దుతిరుగుడు:
అందరికీ థాంక్స్. అన్నయ్యకు ఇదంతా చదివి వినిపించాను. ప్రస్తుతానికి అమ్మకు ఏమీ ఇవ్వడం లేదు. ఎల్లుండి డాక్టరుగారిని కలిసినప్పుడు మీరు ఏ స్ట్రెయిన్ అనుకుంటున్నారు, అమ్మ వయసువాళ్లపై దాన్ని పరీక్షించారా అని అడుగుతాను. నైట్‌డ్యూటీ గారూ, అమ్మకు షుగర్ కూడా ఉంది. ఆ విషయం ప్రత్యేకంగా చెప్పాలా?

నైట్‌డ్యూటీ:
తప్పకుండా చెప్పండమ్మా. వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులేమైనా ఉన్నాయేమో ముందు అది చూపించండి.