గాలిలో ఉన్నదాన్ని 'గీత' అనొచ్చా?

పెద్దలకు నమస్కారం. కంప్యూటర్‌లో భూగోళాన్ని తిప్పి చూపించే గూగుల్ ఎర్త్‌తో కుస్తీ పడుతుంటే వచ్చిన సందేహం ఇది. సాఫ్ట్‌వేర్ గోల కాస్త ఉంటుంది, ఓపిక పట్టండి.

మేముండేది బెంగళూరులో. ఎంజీ రోడ్ నుంచి ఇందిరానగర్ దాకా మెట్రో వంతెన మీద పోతుంది కదా, ఆ దారిని గ్లోబు మీద ఎలా చూపించాలో మా అక్క కొడుకు కోసం తెలుగులో రాస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది: "ట్రినిటీ స్టేషన్ దగ్గర నేలకు 15 మీటర్ల ఎత్తున ఒక గీత గీయండి." చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. పలక మీద గీస్తాం, గోడ మీద గీస్తాం. కల్లు గీతలో అయినా కత్తి చెట్టుకు తగలాలి. గీయాలంటే కింద ఏదో ఒకటి ఉండాలి కదా, గాలిలో దేన్ని గీస్తాం?

పోనీ రేఖ అందామా అంటే, భూమధ్యరేఖలా ఊహలో ఉండేదానికే అది బాగుంటుంది. నేను దీనికి రంగు, మందం కూడా ఇచ్చాను.

గూగుల్ ఎర్త్‌లో ఇలాంటివి చూపించడానికి రాసే ఫైళ్ళను కేఎంఎల్ అంటారు. 'కే' అంటే కీహోల్, 2004లో గూగుల్ కొన్న కంపెనీ. ఇందులో లైనుకు ఎత్తు మూడు రకాలుగా చెప్పొచ్చు: నేలకు అంటించి, నేల నుంచి ఇంత ఎత్తున, సముద్ర మట్టం నుంచి ఇంత ఎత్తున. నేను చూసుకోకుండా మూడోది పెట్టి 15 అని కొట్టాను. లైను మాయం. అరగంట వెతికాక వెలిగింది: బెంగళూరే సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నా మెట్రో పాతాళంలో పరుగెడుతోంది! చెన్నైలో ఉన్న మిత్రుడు వాళ్ళ వీధి మీద అదే లెక్కతో వేస్తే శుభ్రంగా కనిపించింది. సముద్రం పక్కన ఉండేవాళ్ళకు ఈ తప్పు తెలియను కూడా తెలియదు.

ఇంతకీ దీన్ని ఏమనాలి?

నెల్లూరు నుంచి: తీగ అనండి. కరెంటు తీగ లాగుతాం కదా, అలాగే "తీగ లాగండి".

నేను: నాకూ మొదట అదే తోచిందండీ. కానీ తీగ మధ్యలో వేలాడుతుంది. ఇది రెండు బిందువుల మధ్య బిగుసుకుని ఉంటుంది. నందికొండకు అటొకటి ఇటొకటి బిందువు పెడితే కొండలోంచి దూసుకుపోతుంది తప్ప ఎక్కి దిగదు.

హోసూరు నుంచి: అయితే అది దారం. ఇల్లు కట్టించినవాళ్ళకు తెలుస్తుంది. మేస్త్రీ ఆ చివరా ఈ చివరా మేకులు కొట్టి దారం బిగించి కడతాడు. గోడ దాని దాకా లేస్తుంది. "15 మీటర్ల ఎత్తున దారం కట్టండి" అనండి, ఏ పిల్లాడికైనా అర్థమవుతుంది.

నేను: భలే చెప్పారు! గోడ అన్నారు కాబట్టి రెండో సందేహం కూడా అడిగేస్తాను. కేఎంఎల్‌లో ఎక్స్‌ట్రూడ్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే లైను నుంచి నేల దాకా నిలువుగా గోడలాంటిది వస్తుంది. ఎక్స్‌ట్రూడ్‌కు అసలైన తెలుగు మన వంటింట్లోనే ఉంది, జంతికలు వత్తడం. కానీ ఇక్కడ గొట్టమూ లేదు, పిండీ లేదు.

నెల్లూరు నుంచి: "తెర దించు" అంటే?

నేను: అది వింటే ఆట అయిపోయిందనుకుంటారండీ.

హోసూరు నుంచి: దారం కట్టాక ఇంకేముంది, "గోడ లేపు". పైనుంచి వస్తేనేం, కింద నుంచి వస్తేనేం, కంటికి కనిపించేది గోడే.

మల్లేశ్వరం నుంచి: జంతికలను వదిలేయకండి. వత్తు అంటే ఒత్తు కూడా కదా? అక్షరం కింద వేలాడేది ఒత్తు, లైను కింద వేలాడేది ఈ గోడ. "దారానికి ఒత్తు ఇవ్వండి" అనొచ్చు.

నెల్లూరు నుంచి: య ఒత్తు పక్కకు సాగుతుంది మేస్టారూ, మెట్రో వెళ్ళి పక్కింట్లో దూరుతుంది.

నేను: పాఠంలో "దారం కట్టు, గోడ లేపు" అని రాసేశాను. నేలకు అంటుకుని ఉండేదాన్ని మాత్రం గీత అనే ఉంచాను. ఒత్తు మాట మావాడికి నోటితో చెప్తాను. ఇప్పుడు వాడు రేఖాంశం ముందు రాయాల్సింది పోయి అక్షాంశం ముందు రాశాడట. ఇందిరానగర్ స్టేషన్ ఉత్తర ధ్రువం వైపు ఉండే స్వాల్బార్డ్ దీవుల దగ్గర మంచు సముద్రంలో తేలిందని ఫోన్ చేస్తున్నాడు, ఉంటానండీ.